బస్తీకీ పెద్ద దవాఖానకీ నడుమ

మందులు దొరకని రోజులు మా బస్తీలో చాలావరకు పోయాయి. ఇప్పుడు మందులు ఎక్కువై కళ్లు తిరిగి పడేవాళ్లను చూస్తున్నాను.

నేను సికింద్రాబాద్‌లో ఆశా వర్కర్‌ని. మొన్న షుగర్ ఉన్న ఓ తాత ఇంటికి పోతే రెండు సంచుల మందులు మంచం మీద గుమ్మరించాడు. ఒకటి పెద్ద దవాఖానలో ఇచ్చింది, ఇంకోటి ప్రైవేటు డాక్టరు రాస్తే మెడికల్ షాపులో కొన్నది. పేర్లు వేరు, రంగులు వేరు. పట్టీ వెనకున్న సన్న అక్షరాలను వెలుతురుకు పెట్టి కూడబలుక్కుంటే రెండూ గ్లిమెపిరైడే!

"రెండూ డాక్టర్లే రాసిచ్చిర్రు గద బిడ్డా, ఏది మానాలె?" అన్నాడు.

మానమని చెప్పే అధికారం నాకు లేదు. పట్టీలన్నీ సంచిలో వేసుకుని, తాతను అప్పటికప్పుడే బస్తీ దవాఖానకు తోలుకుపోయాను. డాక్టరమ్మ ముందు షుగర్ చూసి, ఆ తర్వాత ఒకటి కొట్టేసింది.

2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా, 50 వేల జనాభాకు ఒక ఆరోగ్య కేంద్రం అని లెక్క గీశారు. 2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానలు మొదలయ్యాయి. అక్కడ తీసిన రక్తం తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు పోతుంది, రిపోర్టు సంగతి ఫోన్‌కు వస్తుంది. పైసా కట్టక్కర్లేదు. బాగానే ఉంది. కానీ ఆ ఫోను కొడుకు జేబులో, కొడుకు డ్యూటీలో! నేను పోయి అడిగితే తప్ప రిపోర్టు వచ్చినట్టు తల్లికి తెలియదు.

టీబీతో తిప్పలు ఇంకో రకం. మామూలు టీబీకి ఆరు నెలలు మందులు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. మనిషి కూలికి పోతాడు, మాత్రలు అటకెక్కుతాయి. మధ్యలో మానేస్తే రోగం మందులకు లొంగకుండా మొండికెత్తే ప్రమాదం ఉంది. పైగా బస్తీలో కిరాయి పెరిగితే రాత్రికి రాత్రే గది మారతారు. ఎటు పోయారో కనుక్కుని, ఆ గల్లీ ఆశాకు ఫోన్ చేసి మనిషిని అప్పజెప్పాలి. పోషకాహారానికి ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలైంది. అది పడాలంటే బ్యాంకు ఖాతా ఉండాలి. లేనివాళ్ల కాగితాలు కూడా నా సంచిలోనే.

ఇంత తిరుగుడుకూ మాకిచ్చేది పారితోషికమే, జీతం కాదు. ఫిక్స్‌డ్ వేతనం కోసం ఏళ్లుగా ధర్నాలు చేస్తూనే ఉన్నాం.

ఒక్క మాట మీతో కూడా ఉంది. బస్తీ దవాఖాన ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా తెరిచి ఉంటుంది. మా ఆడవాళ్లు మీ ఇళ్లలో అంట్లు తోమేది కూడా ఆ వేళకే. మీ పనామె బీపీ మాత్రలకు పోవాలంటే, నెలకో పూట జీతం కోయకుండా పంపండి.