దారినిబట్టి నడక: సెల్ ఫోనులో అనుకూల మాడ్యులేషన్

రహదారిపై కారులో పోతూ స్వదేశంలోని అమ్మమ్మతో వీడియోలో మాట్లాడే పిల్లలకు ఆమె ముఖం హఠాత్తుగా మసకబారి, మాట మాత్రం ఆగక వినిపించడం అనుభవమే. "సిగ్నల్ పోయింది" అని పెద్దలు విసుక్కుంటారు. నిజానికి చాలాసార్లు ఆ క్షణంలో ఫోనూ, టవరూ కూడబలుక్కొని వేగం తగ్గించుకుంటాయి. తగ్గించుకోకపోతే మాట కూడా దక్కదు.

టవరు నుండి వెలువడిన రేడియో తరంగం భవనాలను, లారీలను తాకి అనేక మార్గాలలో ఫోనును చేరుతుంది. ఆ శాఖలు ఒకచోట కలిసి బలపడతాయి. మరొకచోట ఒకదానినొకటి హరించుకుంటాయి. 2 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 15 సెంటీమీటర్లు. గంటకు 108 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ దూరాన్ని 5 మిల్లీసెకన్లలో దాటుతుంది. కనుక రెప్పపాటులోనే బలిమి, లేమి పలుమార్లు తారుమారవుతాయి.

తరంగం యొక్క కంపన పరిమితిని, దశను మార్చి దానిచేత సమాచారాన్ని మోయించడమే మాడ్యులేషన్. దీనిని వాకిట ముగ్గుతో పోల్చవచ్చు. ఒక్కొక్క స్థితి ఒక చుక్క. 4 చుక్కలుంటే ఒక్కో సంకేతం 2 బిట్లను మోస్తుంది. 16 ఉంటే 4, 64 ఉంటే 6, 256 ఉంటే 8. అయితే శక్తి పెంచనంతవరకు వాకిలి విస్తీర్ణం పెరగదు. చుక్కలు ఎక్కువైనకొద్దీ ఎడం తగ్గుతుంది. రొద ఒక చుక్కను కాస్త జరిపితే చాలు, గ్రాహకం పక్క చుక్కగా పొరబడుతుంది. గాలి నెమ్మదిగా ఉన్నపుడు చిక్కని ముగ్గు, ఈదరగాలిలో నాలుగు చుక్కలు: అనుకూల మాడ్యులేషన్ సారమంతా ఇదే.

ప్రసార మార్గపు గరిష్ఠ సామర్థ్యాన్ని క్లాడ్ షానన్ 1948లోనే గణితపరంగా నిరూపించాడు. అయినా తొలి జి.ఎస్.ఎం. ఫోన్లు మార్గం ఎలా ఉన్నా ఒకే మాడ్యులేషన్‌తో నడిచాయి. నాల్గవ తరం ఎల్.టి.ఇ. పద్ధతి 2009 చివర స్టాక్‌హోమ్, ఓస్లో నగరాలలో మొదలయింది. ఇందులో ఫోను మార్గాన్ని కొలిచి, 0 నుండి 15 వరకు ఒక అంకెను టవరుకు పంపుతుంది. టవరు దానినిబట్టి చుక్కల సంఖ్యను, దోష నివారణకు చేర్చే అదనపు బిట్లను నిర్ణయిస్తుంది. ఈ నిర్ణయం ప్రతి మిల్లీసెకనుకూ మారవచ్చు.

ఇందులో ఒక విశేషమున్నది. ఫోను ఆ అంకెను ఎంచుకొనేటపుడు పదింట ఒక సమాచార ఖండం చెడిపోవడానికి సమ్మతిస్తుంది! ఒక్కటీ చెడకూడదని పట్టుబడితే వేగం మరీ కుంటుపడుతుంది. చెడిన ఖండాన్ని గ్రాహకం పారవేయదు. మళ్ళీ వచ్చిన దానితో కలిపి అర్థం చేసుకుంటుంది. అమ్మోనియా కర్మాగారంలో చర్య జరుపని వాయువులను తిరిగి ఉత్ప్రేరకం మీదికి పంపినట్లే ఇదీను.

లోపం లేకపోలేదు. వేగంగా పోయే కారు విషయంలో ఫోను పంపిన కొలత టవరుకు చేరేసరికే పాతబడుతుంది. అపుడు సగటుతోనే సరిపెట్టుకోవాలి. అంతకంటె చిక్కు ప్రశ్న పంపకానిది. టవరు చెంతనున్నవాడు 6 బిట్లు పొందే వ్యవధిలో పొలిమేరలోనివాడికి 2 మాత్రమే దక్కుతాయి. మొత్తం దిగుబడియే లక్ష్యమైతే దగ్గరివానికే సమయమంతా ఇవ్వాలి. అందరికీ సమాన వేగమంటే అందరూ నెమ్మదిస్తారు. అందుచేత పెక్కు టవర్లు, ఎవరి మార్గం వారి సగటుకన్న మెరుగుగా ఉన్నదో ఆ క్షణాన వారికే వంతు ఇస్తాయి. పొలిమేరలోనివాడికి కూడా వంతు వస్తుంది; వేగం మాత్రం తక్కువే.