శరీరములోని వార్తాహరులు

చీకటిలో నడచుచు గడపకు కాలివ్రేలు తగిలించుకొనని వారుండరు. ఆ అనుభవమును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వ్రేలికి ఏదియో తగిలినదని మొదట తెలియును. వెనువెంటనే చురుక్కుమని పోటు పుట్టును. మరియొక క్షణము గడచిన పిమ్మట సలుపు మొదలై చాలసేపు బాధించును. దెబ్బ యొక్కటే, దానిని గూర్చి మనకు అందిన వార్తలు మూడు. మూడును ఒకేసారి బయలుదేరినవి. కాని ఒకేసారి చేరలేదు. దీనికి కారణమేమి?

మన మెదడు, వెన్నుపాము, వాటినుండి శాఖోపశాఖలుగా దేహమంతట వ్యాపించిన నాడులు—వీనినన్నిటిని కలిపి నాడీమండలమందురు. ఇది నాడీకణములచే నిర్మితమైనది. ఒక్క మెదడునందే ఇట్టి కణములు సుమారు 8,600 కోట్లు కలవు. నాడీకణమునకు చిన్న దేహమును, దాని నుండి వెడలిన సన్నని తంతువును ఉండును. వెన్నుపాము క్రిందిభాగము నుండి పాదము వరకు పోవు తంతువు దాదాపు ఒక మీటరు పొడవుండును. అయినను అది తలవెండ్రుక కంటె సన్నము. చర్మము, కన్ను, చెవి మున్నగువాని నుండి వార్తలను లోనికి కొనిపోవునవి జ్ఞాననాడులు. మెదడు, వెన్నుపాముల ఆజ్ఞలను కండరములకు చేర్చునవి చాలకనాడులు.

నాడిని తంతితీగెతో పోల్చుట వాడుక. ఈ పోలిక సగమే నిజము. రాగితీగెలో విద్యుత్తు నేరుగా ప్రవహించును. నాడిలో జరుగునది వేరు. తంతువునకు వెలుపల సోడియము, లోపల పొటాసియము అధికముగా నుండును. వెలుపలి కంటె లోపల వోల్టులో సుమారు 70/1000 వంతు ఋణవిద్యుత్తు ఉండును. ప్రేరణ కలుగగానే పైపొరలోని సూక్ష్మద్వారములు తెరచుకొని, విద్యుదావేశము గల సోడియము కణములు లోనికి చొచ్చును. సెకనులో వేయవ వంతు కాలము అచ్చట విద్యుత్తు తారుమారగును. పిమ్మట పొటాసియము వెలుపలికి పోవుటచే పూర్వస్థితి కలుగును. ఇంతలో ఆ మార్పు ప్రక్క భాగమును రేపును. అది దాని ప్రక్క భాగమును రేపును. టపాకాయ వత్తిని అంటించినచో నిప్పు ఇట్లే ముందునకు సాగును. అయితే కాలిన వత్తి బూడిద యగును. నాడి మాత్రము క్షణములో మరల సిద్ధమగును. దెబ్బ గట్టిదైనచో వార్త పెద్దది కాదు. అదే వార్త మరింత వెంటవెంటనే పోవును.

ఈ వార్త ఎంత వేగముగా పోవును? అది మెరుపు వంటిదనియు, దాని వేగమును కొలుచుట అసాధ్యమనియు జర్మనీ దేశపు పండితుడు యోహాన్నెస్ ముల్లర్ తలచెను. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్స్ 1850లో దానిని కొలిచి చూపెను. ఆయన కప్ప కాలి నాడిని కండరమునకు దగ్గరగా ఒకసారి, దూరముగా ఒకసారి ప్రేరేపించెను. రెండవమారు కండరము కొంచెము ఆలస్యముగా ముడుచుకొనెను. ఆ ఆలస్యమును బట్టి లెక్కింపగా వేగము సెకనుకు సుమారు 27 మీటర్లని తేలెను. మెరుపనుకొన్నది రైలుబండి వేగము గలదే!

మనుష్యుని నాడులన్నియు ఒకే వేగము గలవి కావు. కొన్ని తంతువులకు మైలిన్ అను కొవ్వుపదార్థముతో గూడిన తొడుగు కలదు. తొడుగునకు నడుమనడుమ సందులుండును. వార్త ఒక సందు నుండి మరియొక సందునకు దుమికినట్లు పోవును. తొడుగు గల లావు తంతువులలో వేగము సెకనుకు 120 మీటర్ల వరకు ఉండవచ్చును. తొడుగు లేని సన్నని తంతువులలో అది సుమారు ఒక మీటరు మాత్రమే. గడప చిక్కు ఇపుడు విడిపోయినది. స్పర్శవార్త లావైన తంతువుల వెంట వచ్చెను. పోటు పలుచని తొడుగు గల తంతువుల వెంట వచ్చెను. సలుపు తొడుగులేని తంతువుల వెంట కాలినడకన వచ్చెను.

ఒక కణమునకును మరియొక కణమునకును నడుమ సూక్ష్మమైన ఎడము కలదు. వార్త దానినెట్లు దాటును? ఆస్ట్రియా దేశమున గ్రాట్స్ నగరములో నున్న ఆటో లోవీకి ఒక రాత్రి కలలో ఒక ప్రయోగము తోచెను. లేచి వ్రాసికొనెను గాని, తెల్లవారిన తరువాత ఆ వ్రాత ఆయనకే బోధపడలేదు! మరునాటి రాత్రి అదే కల మరల రాగా, వెంటనే ప్రయోగశాలకు పోయెను. ఒక కప్పగుండె యొక్క నాడిని ప్రేరేపించి దాని స్పందనను తగ్గించెను. ఆ గుండెను తడిపిన ద్రవమును రెండవ గుండెపై పోయగా, దాని స్పందన కూడ తగ్గెను. నాడి కొనయందు ఒక రసాయనము వెలువడి వార్తను అందించునని 1921లో ఇట్లు ఋజువయ్యెను. ఇందులకు 1936లో ఆయనకు హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ బహుమానము లభించెను.

కాలుచున్న పాత్రను తాకినపుడు మెదడునకు బాధ తెలియక మునుపే వెన్నుపాము చేతిని వెనుకకు లాగించును. ఇదియే ప్రతీకార చర్య. ఈ కాపలా తప్పిన నేమగునో నేనొకసారి కన్నులార చూచితిని.

ఒక వనభోజనము నాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు కాగుచున్న గిన్నె అంచునకు చిటికెనవ్రేలు ఆనించి నిలిచియుండెను. చర్మము కమలినది, ముఖమున బాధ లేదు. తోటివారు అతనిని ధైర్యశాలి యని పొగడిరి. నేనును మొదట అట్లే తలచితిని. వ్రేలిని చూచిన పిమ్మట అనుమానము కలిగి, అతనిని ఆరోగ్యకేంద్రమునకు కొనిపోతిని. వైద్యులు ముంజేతిపై స్పర్శలేని పాలిపోయిన మచ్చను కనుగొనిరి. అది కుష్ఠు. ఆ వ్యాధిక్రిములు నాడులను చెరచును. 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో చేరిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు, రోగుల వ్రేళ్లు పాడగుటకు ముఖ్యకారణము నొప్పి తెలియక పదేపదే తగిలిన గాయములే యని చూపెను.

ఆ బాలుడు ఒక సంవత్సరము మందులు వాడి స్వస్థుడయ్యెను. నేడు వడ్రంగము చేసికొని సుఖముగా నున్నాడు. చిటికెనవ్రేలికి మాత్రము స్పర్శ పూర్తిగా రాలేదు. వేడివస్తువును కన్నులతో చూచుకొని పట్టుకొనుట అతడు నేర్చుకొనెను.

బాలబాలికలారా! నొప్పిని శత్రువని తలపకుడు. అది మన కావలివాడు. చర్మముపై స్పర్శలేని మచ్చ కనబడినచో దాచకుడు. ఈ వ్యాధికి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా మందులిత్తురు. తొలుతనే వాడినచో నాడులు చెడక మునుపే వ్యాధి నయమగును. అట్టివారిని చూచి దూరముగా తొలగిపోవుట తగదు. వార్త రాని చోట మనము వార్తాహరులము కావలెను.