బిందెడు నీళ్ళలో ఒక బిళ్ల

షుగరు ఉన్నవాళ్ళు రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ ఒంట్లో దాదాపు ఏ మార్పూ చెందదు. చేయాల్సిన పని చేసి, మూత్రంలో వచ్చినట్టే బయటికి పోతుంది. యాంటీబయాటిక్ అయిన సిప్రోఫ్లాక్సాసిన్‌లోనూ ఇంచుమించు సగం అంతే. అక్కణ్ణుంచి మురుగు కాలువ, కాలువ నుంచి నది, ఆ నది ఒడ్డునే దిగువ ఊరి మంచినీళ్ళ పంపు. కుళాయి నీళ్ళలో మందుల ఆనవాళ్ళు దొరకడంలో వింతేమీ లేదన్నమాట. బెర్లిన్ కుళాయిల్లో 1990లలోనే కొలెస్టరాల్ మందు అవశేషం ఒకటి బయటపడింది. 2008లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు ఆరా తీస్తే, 4 కోట్ల మందికి పైగా అమెరికన్లు తాగే నీళ్ళలో ఏవో ఒక మందులున్నాయని తేలింది.

ఉన్నాయి సరే, ఎంత ఉన్నాయి? శుద్ధి చేసిన తాగునీటిలో ఒక్కో మందు సాధారణంగా లీటరుకు 50 నానోగ్రాముల లోపే ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లో వంతు. రోజుకు రెండు లీటర్లు తాగితే 100 నానోగ్రాములు లోపలికి పోతాయి. ఈ లెక్కన 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి కడుపులో పడాలంటే పదమూడు వేల ఏళ్ళకు పైగా నీళ్ళు తాగుతూ ఉండాలి. నాలుగైదు మందులు కలిసి జీవితాంతం ఒంట్లోకి పోతే ఏమిటన్న దానిపై పరిశోధనలు తక్కువే గానీ, ఈ అంకె చూశాక కుళాయి నీళ్ళంటే భయపడాల్సిన పని నాకైతే కనిపించదు.

అదే లెక్క పటాన్‌చెరులో వేసి చూస్తే కథ మారిపోతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల సుమారు 90 బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల వ్యర్థజలం అప్పట్లో ట్యాంకర్లలో పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరేది. శుద్ధి అయ్యాక అక్కణ్ణుంచి బయటికి వదిలే నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. నానోగ్రాములు కావు, మిల్లీగ్రాములు. ఆ బిళ్ల వేసుకున్న రోగి రక్తంలో కూడా మందు అంత చిక్కగా ఉండదు. పదహారు లీటర్లు, అంటే ఒక బిందెడు నీళ్ళలో పూర్తిగా ఒక 500 మిల్లీగ్రాముల బిళ్ల! రోజు మొత్తంలో అలా బయటికి పోయే సిప్రోఫ్లాక్సాసిన్ 40 కిలోలు దాటింది. అప్పట్లో తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ అయిదు రోజుల్లో వాడే మందు అది.

అదే బృందం 2009లో చుట్టుపక్కల చెరువులు, బావులు చూసింది. ఒక చెరువులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా ఉంది. జలుబుకు వాడే సెట్రిజిన్ కూడా మిల్లీగ్రాముల్లోనే తేలింది. పరీక్షించిన ప్రతి ఊరి బావిలోనూ మందులున్నాయి; కొన్ని బావుల్లో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు ఒక మైక్రోగ్రాము, అంటే వెయ్యి నానోగ్రాములు మించింది.

వెయ్యి నానోగ్రాములు కూడా మనిషికి పెద్ద మోతాదు కాదు కదా అనొచ్చు. కాదు. కానీ ఆ నీళ్ళలో ఉండేది మనిషి కాదు, బాక్టీరియా. వాటిలో సిప్రోఫ్లాక్సాసిన్‌ను తట్టుకోగలిగినవి మిగతావాటికంటే మెరుగ్గా బతకడానికి లీటరుకు 64 నానోగ్రాములు దాటితే చాలునని శాస్త్రవేత్తల అంచనా. ఆ బావుల నీళ్ళు ఆ గీతకు పదిహేను రెట్లు పైన ఉన్నాయి. శుద్ధి కేంద్రం నీళ్ళయితే నాలుగున్నర లక్షల రెట్లకు పైన. హైదరాబాద్ దగ్గరి ఒక కలుషితమైన చెరువులో మందును తట్టుకునే జన్యువులు స్వీడన్ చెరువులో కంటే ఏడు వేల రెట్లు ఎక్కువున్నాయని 2014లో తేలింది. ఆ జన్యువులు ఒక సూక్ష్మజీవి నుంచి మరోదానికి పాకుతాయి. చెరువులో తయారైనది ఆసుపత్రి మంచం దగ్గరికి చేరడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఇందులో అన్నిటికంటే విడ్డూరం శుద్ధి కేంద్రమే. అది పనిచేసేదే బాక్టీరియాతో. యాంటీబయాటిక్ నిండిన నీళ్ళలో అవి సరిగ్గా పెరగవు. అందుకని ప్రక్రియ సాఫీగా సాగాలని ఇళ్ళ మురుగునీరు కూడా కలిపేవారు. మనుషుల పేగుల్లోని సూక్ష్మజీవులను, చిక్కటి యాంటీబయాటిక్‌ను ఒకే తొట్టిలో కలిపి, గాలి ఊది పెంచడమంటే, మందుకు లొంగని రకాలను పనిగట్టుకుని సాకడమే. ఇంత జరిగినా నీళ్ళు వదిలేముందు చూసే కాలుష్య కొలతలైన సీవోడీ, బీవోడీ, టీడీఎస్‌లలో ఏ ఒక్కటీ మందును పట్టి చూపించదు.

ఇంట్లో మనం చేయగలిగింది తక్కువ. నీళ్ళు మరిగిస్తే క్రిములు చస్తాయి, మందు పోదు. ఆవిరైపోయిన మేరకు కాస్త చిక్కబడుతుంది కూడా. ఆర్వో చాలావరకు తీసేస్తుంది గానీ, తీసినదాన్ని మళ్ళీ కాలువలోకే వదులుతుంది.

కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ఒక ముసాయిదా తెచ్చింది. బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలంలో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో అందులో అంకెలతో సహా ఉంది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ అంకెలు మాయమయ్యాయి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో పురుగుమందుల అవశేషాలకు పరిమితులున్నాయి, వైద్యంలో వాడే మందులకు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. అవి పాటించి తీరాలన్న నిబంధన ఏమీ లేదు.

నార్వే మరో దారి పట్టింది. అక్కడ ఆసుపత్రులకు యాంటీబయాటిక్స్ కొనే టెండర్లలో ధరకే కాక, తయారీలో కాలుష్యాన్ని ఎంత అదుపు చేశారన్నదానికీ మార్కులు వేస్తున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ సర్కారు దవాఖానాలకు మందులు టెండర్ల మీదే కొంటాయి. ‘ఫ్యాక్టరీ నుంచి బయటికి పోయే నీళ్ళలో ఈ మందు ఎంత ఉంది?’ అని ఆ కాగితంలో ఒక గడి చేర్చడానికి ఢిల్లీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు.