ఇంటి వెలుగు - ఇల్లాలి చోటు

“ఇల్లు చూచి ఇల్లాలిని చూడు” మని మనలో నొక సామెత కలదు. చూచువారు పైవారు, చూపవలసినది ఇల్లాలు అని దాని భావము. ఈ సామెతవలన మన యిండ్లకు మేలు కొంత, కీడు కొంత కలిగినవి. వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, ఇంటిని శుభ్రముగా నుంచుకొను అలవాటు నిలిచినది, అది మేలు. పైవారి కన్ను పడు గది యొక్కటే తళతళలాడుచుండగా, ఇంటివారు దినమంతయు మెలగు గదులు చీకటిలో మిగిలిపోయినవి, ఇది కీడు. ఈ నెల మేము సోదరీమణులతో ముచ్చటింప దలచినది ఈ రెండవ దానిని గుఱించియే.

మేము చెప్పునది ముఖ్యముగా ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల యిండ్లను దృష్టిలో నుంచుకొని. కొల్లేటికోటలో వెలసిన అమ్మవారి పేరు పెద్దింట్లమ్మ. ఆ పేరులోనే ఇల్లున్నది. ఫాల్గుణమాసమున ఆమె జాతరకు లంకగ్రామములనుండియు, మెట్టయూళ్ళనుండియు జనము తరలివత్తురు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీరు కొల్లేట నిండి, ఉప్పుటేటి గుండా సముద్రమునకు పోవును. నీరు చుట్టును ఉండుటచేత ఇచ్చటి యిండ్లకు చెమ్మ, దోమలు, వేసవి యుక్క యను మూడు బాధలు తప్పవు. ఇంటి యమరికను గుఱించి ఆలోచించునపుడు మొట్టమొదట తలచుకొనవలసినవి ఇవియే గాని, పటములును కాగితపు పూవులును కావు.

వెలుగు వచ్చు త్రోవ

గోదావరి మండలముల పాత మండువా లోగిళ్ళను ఎఱిగినవారికి ఈ సంగతి చెప్పనక్కర లేదు. నాలుగు వైపుల గదులు, వాని నడుమ ఆకాశము కనబడు మండువా. నాలుగు కప్పులును లోపలికి వాలి, వానధార మండువాలో పడి కాలువగుండ వెలుపలికి పోవును. వీధితలుపు మూసినను ఇంటి నడుమ పగలు పగలుగనే యుండును. వేడిగాలి పైకి పోవుటకు త్రోవ యుండును. స్త్రీలు వీధిలోనికి రాకయే వెలుతురులో కూర్చుండి పని చేసికొనుటకు ఆనాటి మేస్త్రీలు కనిపెట్టిన యుపాయ మది. నేడు అట్టి యిండ్లు తగ్గిపోయినవి. ఉన్నవానిలో కొందఱు వానకును దొంగలకును జడిసి మండువాను రంగు రేకులతో మూసివేయుచున్నారు. మూయక తప్పనిచో తెల్లని అద్దపు పలకలు వేసి, కప్పునకును పలకలకును నడుమ జానెడు సందు విడిచి, దానికి ఇనుపవల బిగింపుడు. వెలుగును వచ్చును, గాలియు ఆడును.

క్రొత్త డాబా యిండ్లకు మండువా లేదు, కిటికీలే దిక్కు. కాని మన యిండ్లలో బీరువాను సగము కిటికీ కడ్డముగ నిలుపుట పరిపాటియైనది. ఖాళీగోడ లేదని సాకు చెప్పుదుము. బీరువాకు వెలుగక్కర లేదు, మనుష్యులకు కావలెను. దానిని చీకటి గోడకు జరుపుడు. ఒక్క పూటలో గది మాఱిపోవును. కిటికీకి ఎదుటి గోడమీద అద్దము తగిలించినచో వచ్చిన వెలుగు రెండింతలుగ తోచును.

ఎండ నెఱిగి కిటికీల నమర్చుకొనవలెను. ఏలూరు సుమారు 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. కావున మే మొదటి వారము దాటినది మొదలు ఆగస్టు మొదటి వారమువఱకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెము ఉత్తరముగ నుండును. తక్కిన నెలలలో దక్షిణముగ నుండును. చలికాలపు టెండ దక్షిణపు కిటికీగుండ లోనికి వచ్చి గదిని ఆరబెట్టును. వేసవిలో బాధించునది సాయంకాలపు పడమటి యెండ. దానిని లోపలి తెరతో ఆపలేము. తెర తానే కాగి గదిని కాచును. వట్టివేళ్ళ తడకగాని, వెదురు తడకగాని కిటికీ వెలుపల వ్రేలాడదీయవలెను.

దోమలకు జడిసి సంధ్యకు ముందే కిటికీలు బిగించువారు కిటికీకి సన్నని వల పెట్టించుకొనుట మేలు. కాని వలకు దుమ్ము పట్టినచో గాలియు వెలుగును సగము తగ్గును. పదునైదు దినముల కొకసారి తడిగుడ్డతో తుడువవలెను.

గోడలును చెమ్మయు

కొల్లేటి చుట్టుపట్ల నల్లరేగడి నేలలో కట్టిన గోడలకు అడుగునుండి చెమ్మ ప్రాకి, ఉప్పు పొక్కులై సున్నము రాలుచుండును. దానిని కప్పిపుచ్చుటకు నూనెరంగు పూయుదురు. చెమ్మ లోపల చిక్కుకొని, ఆ రంగు పొరలు పొరలుగ లేచివచ్చును. పూర్వము కోస్తా సీమలో వాడిన గుల్లసున్నమువంటి సున్నపు పూత గోడను ఊపిరి తీయనిచ్చును, చౌకయైనది, అన్నిటికంటె తెల్లనిది. ఏట ఒకసారి వానలు వెనుకబట్టి గోడలు ఆరిన తరువాత పూయించుకొన్న చాలును. పైకప్పు లోపలి భాగమును తెల్లగ నుంచుట మఱవరాదు. గదిలోని వెలుగు అచ్చటినుండియే క్రిందికి మఱలును.

వంటయిల్లు

ఇంటిలో ఎక్కువ గంటలు పని జరుగు గది ఏది? వంటయిల్లు. ఎక్కువ చీకటి గది ఏది? అనేక గృహములందు అదియు వంటయిల్లే. కట్టెలును పిడకలును మండిన కాలములో దానికి కారణ ముండినది. పూరియింటికి నిప్పురవ్వల భయము. పొగ తక్కిన గదులకు రాకూడదని వంటయింటిని వెనుకకు నెట్టిరి. మసి పట్టును గనుక సున్నము వేసియు లాభము లేదనుకొనిరి. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పేద కుటుంబముల స్త్రీలకు గ్యాసు కనెక్షను లిచ్చు పథకము నొకదానిని ఆరంభించి, దానికి ‘దీపము’ అని పేరు పెట్టినది. అది మొదలు ఎన్నో యిండ్ల పొగ పోయినది. పొగ పోయినను, పొగనాటి చీకటి మాత్రము పోలేదు. క్రొత్తగ కట్టిన యిండ్లలో సైతము హాలునకు నాలుగు దీపములు, వంటయింటికి ఒక్క దీపము!

ఆ ఒక్కటియు తప్పుచోట నుండును. వంటగట్టు గోడవైపు, దీపము వంటచేయు నామె వీపువైపు. ఆమె నీడ ఆమె చేతులమీదనే పడును. కత్తిపీట ముందు కూర్చుండిన నామెకును, బియ్యములో రాళ్ళేరు నామెకును ఇంతకన్న కష్ట మేమున్నది? గట్టుమీది అలమర అడుగున ఒక చిన్న దీపమును, వెలుగు చేతులమీద పడునట్లు బిగింపుడు. పొయ్యి వెనుక కాక ప్రక్కన కిటికీ యున్నచో మంట చెదరదు. గట్టు వెనుక గోడకు తెల్ల పింగాణి పలకలు వేసినచో జిడ్డు తుడిచిన పోవును. మూల నొక ఎత్తుపీట యుండవలెను. కూరలు కూర్చుండి తరిగినను వంట ఆగదు. ఇన్నిటికిని కలిసి అయ్యెడి ఖర్చు, హాలులోని అద్దాల అలమరకు పెట్టిన దానిలో ఎన్నవ వంతో లెక్క వేసి చూడుడు.

అలంకారము

అలంకారము వలదని మేమనము. మన చుట్టుపట్లనే చక్కని వస్తువులు తయారగుచుండగా ప్లాస్టిక్ పూవు లెందులకు? ఏలూరి ఉన్ని తివాచీలు ఒకప్పుడు ఓడలెక్కి సీమకు పోయినవి. పారశీకదేశపు నేతపని మన యూర స్థిరపడి తరతరములుగా సాగినది. నరసాపురపు లేసు పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలవలన ఆరంభమై ఈ జిల్లాల స్త్రీలచేతులలో పెరిగినది; 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. కిటికీకి ముతక తెర వేసినచో మరుగు కలుగును గాని వెలుగు పోవును. లేసు తెర పగటివేళ రెంటిని నిలుపును. రాత్రి లోపల దీపమున్నప్పుడు మాత్రము వెలుపలివారికి లోపల కనబడును గనుక దానివెంట మఱియొక తెర యుండవలెను. ఉన్ని తివాచీని వానకాలమున నేలమీద నుంచక, ఎండబెట్టి చుట్టి యెత్తుడు. ఆ నెలలకు తుంగచాపయో ఈతచాపయో చాలును. రాగిచెంబులో రెండు తామరలో కలువలో ఉంచినచో ఏ గదియైనను కళకళలాడును. నీరు మాత్రము దినమును మార్చవలెను, లేకున్న దోమలు పుట్టును.

లేసును గుఱించి మఱియొక మాట. జర్మను విదుషి మరియా మీస్ నరసాపురపు లేసుపనివారి జీవితమును పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఇంటిలో కూర్చుండి దినమునకు ఎన్నో గంటలు అల్లినను, ఆ స్త్రీలను అందఱును ‘పొద్దుపోక అల్లు గృహిణు’లుగనే ఎంచిరనియు, అందువలననే వారి కూలి మిక్కిలి తక్కువగ నుండె ననియు ఆమె చూపినది. పరదేశపు బల్లల నలంకరించిన లేసు అల్లినవారి పని లోకము కంట పడలేదు. ఇంటిలో జరుగు పనికి పనియను పేరు లేనప్పుడు, ఆ పనికి వెలుగును చోటును కావలె నని మాత్ర మెవరికి తోచును? మన వంటయిండ్ల చీకటికి మూలకారణ మిదియే యని మా యభిప్రాయము.

ఇల్లాలి మూల

1902లో సత్తిరాజు సీతారామయ్యగారు ఏలూరినుండి ‘హిందూసుందరి’ యను స్త్రీల మాసపత్రికను వెలువరించిరి. స్త్రీలు చదివిన పత్రిక, స్త్రీలు వ్రాసిన పత్రిక యది. స్త్రీలకు చదువు వలదన్న మాట నేడు వినబడదు. కాని చదువుకొన్న స్త్రీకి ఇంటిలో చదువుకొను చోటేది? మగవారికి వాలుకుర్చీ కలదు, పిల్లలకు చదువుబల్ల కలదు. ఇల్లాలికి మంచము కొన, లేక వంటయింటి గడప! ఇందులకు గది యక్కర లేదు. వెలుగు వచ్చు ఒక కిటికీ ప్రక్క ఒక కుర్చీ, చేతి కందు ఎత్తున ఒక గూడు, కుడిచేత వ్రాయువారికి ఎడమవైపున ఒక దీపము ఉన్న చాలును. ఆమె పుస్తకమును, కలమును, కండ్లజోడును అచ్చట నుండును. పిల్లవాని బొమ్మలును మడతపెట్టని బట్టలును ఉండరాదు.

ఇంటిలో ముసలి అత్తగారో తల్లిగారో యున్నచో వారి మంచమును సైతము వెలుగున్న చోటికి తేవలెను. వయసు మళ్ళిన కన్నులకు చిన్నవారికన్న ఎక్కువ వెలుగు కావలెను. ముసలివారిని చీకటి కొట్టునకు చేర్చి, చూపు తగ్గినదని జాలిపడుట న్యాయము కాదు.

ఎచ్చట మొదలిడవలెనో తెలియనివారికి ఒక చిన్న పరీక్ష చెప్పెదము. రేపు ఉదయము పది గంటలకు ఇంటిలోని దీపము లన్నియు ఆర్పి, ఈ పత్రికను చేత బట్టుకొని ఒక్కొక్క గదికి పొండు. నిత్యము కూర్చుండు చోట కూర్చుండి, నిలువబడు చోట నిలువబడి చదువుడు. అక్షరములు కనబడిన గది బాగున్నట్లే. ఏ గదిలో కనబడలేదో ఆ గదితోనే మొదలిడుడు. అది చుట్టములు చూడని గదియైనచో మఱింత త్వరపడుడు. ఏలనన, ఆ గదిలో మీ రున్నారు.