పసికందుల మేనిమచ్చలు

స్నానము చేయించుటకై పసికందును కాళ్లపై బోర్లా పరుండబెట్టుకొన్న అమ్మమ్మ, నడుము క్రిందను పిరుదులపైనను నీలిమందు పూసినట్లున్న మచ్చను చూచి, ఎక్కడనో దెబ్బ తగిలినదని ఉలికిపడుటయు, గ్రహణము వేళ కూతురు కదలక పడుకొనలేదని నిష్ఠురమాడుటయు మన యిండ్లలో వినవచ్చునదే. బాలెంతరాలి మనస్సును అకారణముగా నొప్పించు ఆ మాట నాకు మిక్కిలి బాధాకరము. ఏలయన ఆ మచ్చకు గ్రహణముతో గాని, తల్లి నడవడితో గాని ఎట్టి సంబంధమును లేదు.

చర్మమునకు వన్నె నిచ్చు కణములు పిండదశయందు వెన్నువైపునుండి బయలుదేరి చర్మపు పైపొరను చేరవలసియుండగా, కొన్ని దారిలో లోపొరయందే నిలిచిపోవును. వానిలోని నల్లని వర్ణద్రవ్యము లోతున నుండుటచే, దానిపై పడిన వెలుగు చెదరి మనకు నీలముగా గోచరించును. 1885లో జపానునందు వైద్యాచార్యుడుగా నున్న జర్మనుడు ఎర్విన్ బెల్ట్జ్ దీనిని వర్ణించెను. ఆసియా, ఆఫ్రికా సంతతి శిశువులలో ఇది సర్వసాధారణము. కొన్ని యేండ్లలో చాలవఱకు మాసిపోవును. కమిలిన దెబ్బ దినదినమునకు రంగు మారును, తాకిన నొచ్చును. ఇది మారదు, నొవ్వదు. విదేశములలో దీనిని దెబ్బయని పొరబడి తలిదండ్రులను శంకించిన సందర్భములు కలవు గనుక, అచట నివసించు మనవారు పుట్టిననాడే ఆసుపత్రి పత్రములలో వ్రాయించుకొనుట మేలు.

తక్కినవానిలో పెక్కింటికి చికిత్సయే అక్కఱలేదు. ముక్కుపై సన్నని తెల్లని పొక్కులు కొన్ని వారములలో రాలిపోవును. వానిని చిదుమరాదు, నలుగుపెట్టి రుద్దరాదు. రెండవ మూడవ దినమున మేనెల్ల ఎఱ్ఱగా పొంగు దద్దురులు నెలలు నిండి పుట్టినవారిలో ఇంచుమించు సగముమందికి వచ్చి, ఒకటి రెండు వారములలో తామే పోవును. చీముపొక్కులతోపాటు జ్వరమో, పాలు త్రాగకపోవుటయో ఉన్నచో మాత్రము వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

రెండుమూడు వారములకు ఎఱ్ఱని చుక్కగా పొడసూపి త్వరత్వరగా ఉబ్బు రక్తనాళపు గడ్డను ఉపేక్షింపరాదు. ఇది అయిదాఱు మాసములకు పెరుగుట మాని, ఏండ్ల తరబడి కుదించుకొనిపోవునదే యైనను, కనురెప్పమీదనో పెదవిమీదనో ఏర్పడినచో చూపునకు, పాలు త్రాగుటకు ఆటంకమగును. గుండెజబ్బునకై ప్రొప్రనొలాల్ ఇచ్చిన శిశువునందు ఈ గడ్డ వన్నె తగ్గి మెత్తబడుటను ఫ్రాన్సులోని బోర్డో వైద్యులు 2008లో ప్రకటించిన నాటినుండి, ఆ మందే దీనికి ముఖ్యచికిత్సయైనది. అయితే రక్తములో చక్కెర పడిపోకుండుటకై, పాలు పట్టిన పిదపనే, వైద్యుని పర్యవేక్షణలోనే దానిని ఈయవలెను. పుట్టుకతోనే ముఖమున ఒక ప్రక్క నుదుటినుండి కనురెప్పవఱకు పరచుకొన్న ముదురెఱుపు మచ్చ వేఱు. అది మాసిపోక బిడ్డతోపాటు పెరుగును. కొందఱియందు కంటిలో ఒత్తిడికిని, మూర్ఛకును అది సూచన కావచ్చును గాన, పిల్లల వైద్యునికిని కంటివైద్యునికిని జాప్యము లేక చూపింపవలెను.