జన్మపాపం – విమోచన నిరీక్షణ

'జన్మపాపం' అనే మాట వినగానే మీకు పూర్వజన్మలో చేసిన పాపం గుర్తుకు రావచ్చు. ఈ పోలికను ముందుగానే పక్కన పెట్టండి. క్రైస్తవ మతంలో పునర్జన్మ లేదు. కర్మ సిద్ధాంతం ప్రకారం ఎవరి కర్మఫలం వారిదే. జన్మపాపం (దీనినే ఆదిపాపం అని కూడా అంటారు) ఒక మనిషి చేసిన పని కాదు, మనుషులందరూ పుట్టే స్థితి.

ఒక ఉదాహరణ చూద్దాం. తాత పొలం తాకట్టుపెట్టి పోగొట్టాడు. మనవడు ఏ కాగితం మీదా వేలిముద్ర వేయలేదు. అయినా పొలం లేని ఇంట్లోనే పుట్టాడు. తప్పు అతనిది కాదు, లోటు మాత్రం అతనిదే. అయితే ఈ పోలిక కొంతవరకే పనికివస్తుంది. ఇక్కడ పోయింది పొలం కాదు. మంచి ఏదో తెలిసి కూడా చెడువైపు మొగ్గే మనసు వారసత్వంగా వచ్చిందని క్రైస్తవులు అంటారు.

ఈ ఆలోచనకు ఆధారం బైబిలులోని ఆదికాండం 3వ అధ్యాయం. ఏదెను తోటలో ఆదాము, హవ్వ తినవద్దన్న పండు తిన్నారు. అది ఆపిల్ పండు అని అక్కడ ఎక్కడా లేదు. హీబ్రూ మూలంలో 'పాపం' అన్న మాట కూడా ఆ అధ్యాయంలో రాదు, తరువాతి అధ్యాయంలో కయీను కథలో మొదటిసారి వస్తుంది. దేవుడు అడిగినప్పుడు ఆదాము హవ్వను చూపాడు, హవ్వ సర్పాన్ని చూపింది. కుండ పగిలినప్పుడు మన ఇళ్ళలో జరిగేదీ ఇదే కదా! యూదులూ ఈ కథను చదువుతారు, కాని పుట్టుకతో వచ్చే పాపమనే సిద్ధాంతాన్ని దీని నుంచి తీయలేదు. ఆదం పశ్చాత్తాపపడగా దేవుడు క్షమించాడని ఖురాన్ చెబుతుంది.

1వ శతాబ్దంలో పౌలు రోమీయులకు రాసిన లేఖ 5వ అధ్యాయంలో ఆదామును, క్రీస్తును పక్కపక్కన నిలిపాడు. ఒకని ద్వారా మరణం వచ్చింది, ఒకని ద్వారా జీవం వచ్చింది. ఆయన ఆదామును తలచుకొన్నది క్రీస్తును గురించి చెప్పడానికే.

సిద్ధాంతానికి గట్టి రూపం ఇచ్చినవాడు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్ అగస్టీన్ (354–430). మనిషి తన సంకల్పబలంతోనే మంచిగా బతకగలడని పెలాజియస్ బోధించాడు. ఆ సంకల్పమే వంగిపోయింది, దేవుని కృప లేనిదే అది నిటారు కాదని అగస్టీన్ జవాబు. 418లో కార్తేజ్ సభ పెలాజియస్ బోధను ఖండించింది. తూర్పు సంఘాలవారు మాత్రం మనకు సంక్రమించింది మరణమూ బలహీనతే గాని ఆదాము నేరం కాదంటారు.

మరి జ్ఞానస్నానం పొందకుండా చనిపోయిన పసిబిడ్డ మాట ఏమిటి? బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఇది పుస్తకాల ప్రశ్న కాదు. అగస్టీన్ జవాబు కఠినమైనది: ఆ బిడ్డకూ శిక్ష ఉంటుంది, అయితే అతి తేలికైన శిక్ష. మధ్యయుగాల పండితులు దీనిని మెత్తబరచి, బాధా లేని, దైవదర్శనమూ లేని 'లింబో' అనే స్థితిని ఊహించారు. 2007లో కాథలిక్ వేదాంత పండితుల అంతర్జాతీయ సంఘం, అటువంటి శిశువులు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని ప్రకటించింది. ఈ మాట రావడానికి దాదాపు 1600 ఏళ్ళు పట్టింది.

ఇక 'విమోచన' సంగతి. ఈ భావానికి గ్రీకు మూలంలో వాడిన పదానికి, వెల చెల్లించి బానిసను విడిపించడం అని అర్థం. బానిస తన వెల తాను కట్టుకోలేడు, మరొకరు కట్టాలి. క్రీస్తు సిలువ మరణాన్ని క్రైస్తవులు ఇలా అర్థం చేసుకొన్నారు. ఆశ అనే అర్థంలో తెలుగు బైబిలు 'నిరీక్షణ' అనే పదాన్ని వాడుతుంది. మామూలు వాడుకలో ఈ పదానికి ఎదురుచూడడం అని అర్థం. ఇక్కడ ఆ రెండు అర్థాలూ సరిపోతాయి.

ఇస్తాంబుల్‌లో ఒకప్పటి ఖోరా చర్చి గోడపై 14వ శతాబ్దపు చిత్రం ఒకటి ఉంది. అందులో క్రీస్తు పాతాళ ద్వారాలను తొక్కి నిలబడి, ఒక చేత్తో ఆదామును, మరో చేత్తో హవ్వను మణికట్టు పట్టుకొని సమాధుల్లోంచి పైకి లాగుతూ ఉంటాడు.

పాఠగత ప్రశ్న: జన్మపాపానికి, కర్మ సిద్ధాంతానికి గల భేదాన్ని మీ సొంత ఉదాహరణతో నాలుగు వాక్యాలలో రాయండి.