చిట్కా నలుగురికీ చెప్పేముందు...

కొబ్బరి కోరే పీటకి మీరే బుర్ర పెట్టి ఓ చిన్న అమరిక చేయించారనుకోండి. చిప్ప జారదు, వేలు తెగదు. చూసినవాళ్లంతా "ఎంత బాగుందండీ!" అంటున్నారు. మీరేం చేస్తారు? ఫోటో తీసి మాలాంటి పత్రికకి పంపుతారు. మాకూ సంతోషమే! కానీ అచ్చయిందంటే చట్టం దృష్టిలో అది ఇక 'కొత్తది' కాదు. ఆ తర్వాత పేటెంటు కోసం మీరు వెళ్లినా కష్టమే. మీ సొంత చిట్కాయే మీకు అడ్డం వస్తుందన్నమాట!

"ఇంకా పూర్తిగా కుదరలేదండీ, స్ప్రింగు మార్చాలి" అంటారా? సరిగ్గా అలాంటి వాళ్ల కోసమే ప్రొవిజనల్ దరఖాస్తు ఉంది. ఆలోచన ఏమిటో, ఎలా పనిచేస్తుందో వివరంగా రాసి, బొమ్మ గీసి ఇస్తే ఆ తేదీ మీ పేర నమోదవుతుంది. రేపు ఇంకొకరు అదే పట్టుకొచ్చినా ముందున్నది మీరే. అయితే అందులో రాసినంత మేరకే ఆ రక్షణ. కాబట్టి రెండు ముక్కలు గీకి పంపకండి. 12 నెలల్లోగా పూర్తి వివరాలు దాఖలు చేయాలి. చేయకపోతే వదులుకున్నట్టే లెక్క. ఈలోగా స్ప్రింగు మార్చుకోండి!

వస్తువు సిద్ధంగా ఉంటే నేరుగా పూర్తి దరఖాస్తే పెట్టుకోవచ్చు. పేటెంటుకు దరఖాస్తు పెట్టాక దాన్నే ఇంకాస్త మెరుగుపరిస్తే 'అదనపు పేటెంటు' అడగొచ్చు, దానికి వేరే రెన్యువల్ ఫీజు ఉండదు. ఒకే కాగితంలో రెండు వేర్వేరు ఆవిష్కరణలు కలిపేసి ఉంటే విడదీసి పెట్టేది డివిజనల్ దరఖాస్తు. విదేశాల్లో కూడా కావాలంటే మొదటి తేదీనుంచి 12 నెలల్లోగా ఆయా దేశాల్లో గానీ, పీసీటీ అనే అంతర్జాతీయ పద్ధతిలో గానీ పెట్టాలి. ప్రపంచమంతటికీ ఒకే పేటెంటు ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి సుమా!

మన తెలుగువాళ్లకి చెన్నై పేటెంటు ఆఫీసు. సొంతపేరుతో ఆన్‌లైన్లో పెడితే దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు. పరీక్షకి ఫీజు వేరు. ఆడవాళ్లు త్వరగా పరిశీలించమని కోరే వీలు 2019 నుంచి ఉంది, దానికి మాత్రం ఫీజు ఎక్కువ.

ఇక "మా అత్తగారి ఆవకాయ పాళ్లకి ఇస్తారా?" అని అడక్కండి. తెలిసిన దినుసులు ఊరికే కలిపితే ఇవ్వరు. తరతరాల ఇంటివైద్యానికీ అంతే. గాయానికి పసుపు వాడకంపై అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చేస్తే, మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది.